వంకర కాలికి తిన్నని లాడం

మా తాత సన్యాసయ్య మనుషుల ముఖాలు చూడడు, చెప్పులు చూస్తాడు. నందిగాంలో మా ఇంటికి ఎవరొచ్చినా గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు తిరగేసి, ఏ వైపు అరిగాయో చూసి, "ఈ బావుకి కుడి మోకాలు నొప్పి" అనేస్తాడు. పాపం, కరెంటు బిల్లు కొట్టే అతను ఒకసారి ఒంటి చెప్పుతో వాకిట్లో నిలబడిపోయాడు. రెండోది ఇంకా తాత చేతిలోనే ఉంది.

తాత పని ఎద్దులకు లాడాలు కొట్టడం. ట్రాక్టర్లు వచ్చాక ఎద్దులు పోయాయి. చివరికి మిగిలింది ముత్యం ఒక్కటే. అది టెక్కలి లోకనాథ్ పెళ్లి ఊరేగింపులకు తిప్పే తెల్ల గుర్రం. దాని ముందు ఎడమ గిట్ట పుట్టుకతోనే లోపలికి తిరిగి ఉంది. తాత ప్రతిసారీ వాకిలి తడిపి దాన్ని నడిపించేవాడు. అడుగు ఏ వైపు లోతుగా దిగిందో చూసి, ఆ కాలికి తగ్గట్టే గిట్ట చెక్కి లాడం వేసేవాడు. వంకర జోలికి పోయేవాడు కాదు.

"నువ్వూ వంకర కాలోడివే గదా, అందుకే దాన్నలాగే ఒగ్గేసినావు," అనేది నాయనమ్మ రత్నాలమ్మ. ఎద్దు తన్నిన నాటి నుంచి తాతకూ కుంటే.

కిందటి మాఘంలో లోకనాథ్ గుర్రంతోపాటు ఫోనూ పట్టుకొచ్చాడు. పలాసలో జరిగిన పెళ్లి వీడియో. ముత్యం నడక చూసి జనం ఆ వీడియో కింద నవ్వుతూ ఏవేవో రాశారు.

"కాలు తిన్నగా కనపడాల మావా. నీ వల్ల కాదంటే సెప్పు, బరంపురం నుంచి మనిషిని తెచ్చుకుంటాను."

"పిల్లప్పుడైతే తిప్పొచ్చు బావూ. ఇప్పుడు ఎముక ముదిరిపోనాది. గిట్ట తిప్పితే పైన కీలు ఊరుకోదు."

"అయితే వద్దులే."

లోకనాథ్ తాడు పట్టుకుని వెనక్కి తిరిగాడు. తాత సుత్తి పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. ముత్యం పోతే ఆ సుత్తికి ఇంకో పని లేదు. గుర్రం వీధి మలుపు దాకా వెళ్లాక, "ఆగు బావూ," అన్నాడు.

గిట్ట లోపలి అంచు బాగా చెక్కి, బయటి వైపు మందంగా ఉన్న లాడం కొట్టాడు. ముత్యం తిన్నగా నిలబడింది. నేను ఈల వేశాను. తాత నవ్వలేదు. ఆ రోజు వాకిలి తడపలేదు, గుర్రాన్ని నడిపించి చూడనూ లేదు.

ముహూర్తాలు ఇంకా అయిపోకముందే, నిమ్మాడలో ఊరేగింపు మధ్యలో ముత్యం సిమెంటు రోడ్డు మీద ఆగిపోయింది. ఎంత అదిలించినా అడుగు వెయ్యలేదు. పెళ్లికొడుకు దిగి నడిచాడు. గిట్ట పైన కీలు బుస్సున వాచింది. లోకనాథ్ దాన్ని వ్యానులో తెచ్చి మా కొబ్బరితోటలో దింపి, "నువ్వే ఉంచుకో మావా," అని వెళ్లిపోయాడు. ఇప్పుడు పెళ్లికొడుకులకు పూల కారు తిప్పుతున్నాడు.

తాత ఆ లాడం ఊడదీశాడు. మళ్లీ సుత్తి ముట్టలేదు. వాపు తగ్గుతుందేమో కాని కుంటు పోదన్నాడు పశువుల డాక్టరు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే వాకిలి తడిపి ముత్యాన్ని నడిపిస్తాడు. తాను మాత్రం వంగి చూడడు. మనవరాలినని నన్ను పిలుస్తాడు.

"ఓలే గుంటా, అడుగెలాగున్నాది? మళ్లీ లోపలికి తిరిగినాదేటి?"

"ఒక రవ్వ తిరిగినాది తాతా. నీ కాలంత అందం ఇంకా రానేదు."

ఇదివరకైతే చేతిలో ఉన్న చెప్పు విసిరేవాడు. ఇప్పుడు తల ఊపి, ముత్యం మెడ మీద చెయ్యి వేసి తోటలోకి కుంటుకుంటూ పోతాడు.

గిట్ట తిరిగిన మాట నిజమే. కాని ముత్యం ఆ కాలి మీద బరువు మోపడం లేదు. అడుగు నేలలోకి నిండుగా దిగకుండా, మునివేలితో ముట్టినట్టు చిన్న గుర్తు పడుతోంది. ఆ సంగతి నేను చెప్పను. వాళ్లు మలుపు తిరగ్గానే వాకిలి ఊడ్చేస్తాను.