మెయిల్ రికార్డు మరిచిన రోజు

జగ్గయ్యపేట దాటుతుండగా వాన మొదలైంది. బస్సు కిటికీలోంచి సిమెంటు ఫ్యాక్టరీల తడి దుమ్ము వాసన గుప్పున కొట్టింది. ఆ వాసనకి నాకు సువార్త గారు గుర్తొస్తారు. బళ్ళో లెక్కలు చెప్పడం మానేసి, నందిగామ బస్టాండు దగ్గర మేడమీద రెండు గదుల్లో ఆవిడ వెబ్‌సైట్ల నిర్వహణ చూసే ఆఫీసు పెట్టారు. రోజూ ఈ పేట నుంచే బస్సులో వచ్చేవారు. వానాకాలం ఆవిడ గొడుగు మూల పెడితే గదంతా ఇదే వాసన. డిగ్రీ అయ్యాక నాకు పని నేర్పింది ఆవిడే.

పేటలోని ఒక డయాలసిస్ రోగుల సహాయ కేంద్రం సైటును కొత్త సర్వరుకి మార్చే పని మొదటిసారి నాకొక్కదానికే అప్పగించారు. ఒక సైటు పేరు చెప్పి అడిగినవారికి అది ఏ సర్వరులో ఉందో, దాని మెయిళ్ళు ఎక్కడికి చేర్చాలో చెప్పేవి డీఎన్ఎస్ రికార్డులు. పొద్దున్నే పాతవి తీసేసి కొత్తవి రాశాను. నా ఫోన్లో సైటు తెరుచుకుంది.

"అయిపోయింది మేడం" అన్నాను గర్వంగా.

"నీ ఫోన్లో తెరుచుకుంటే అందరికీ తెరుచుకున్నట్టేనా అమ్మాయ్? మెయిల్ పంపి చూశావా?"

చూడలేదు. అంతలోనే కేంద్రం నడిపే రాఘవమ్మ గారు ఫోన్ చేశారు. "ఒక ఆటో డ్రైవరుకి డయాలసిస్ వంతు ఇస్తన్నామని ఆసుపత్రి వాళ్ళు పొద్దున్నే మెయిల్ పంపుతామన్నారండి. పన్నెండులోగా జవాబియ్యకపోతే ఇంకొకరికి పోద్దంట. మాకేం రాలేదు. అక్కడ ఫోనెవరూ ఎత్తట్లేదు."

నేను రాసినవి మళ్ళీ చూసుకున్నాను. మెయిల్ రికార్డు రాయడమే మరిచిపోయాను.

సువార్త గారు నావైపు చూడనైనా లేదు. "తప్పు మాదేనండి. సరిచేసి నేనే ఫోన్ చేస్తా" అని ఆవిడకి చెప్పి పెట్టేశారు. బీరువాలోంచి నోటుబుక్కు తీశారు. అందులో పాత రికార్డులన్నీ ముందురోజే చేత్తో రాసి ఉన్నాయి. బయటి సర్వర్లు ఒక జవాబును గుర్తుంచుకునే గడువు కూడా అయిదు నిమిషాలకి తగ్గించి ఉంచారట, తప్పు దొర్లితే లోకం త్వరగా మళ్ళీ వచ్చి అడిగేలా. నేను బిత్తరపోయి చూశాను.

ఆ రికార్డు నాచేతే రాయించారు. మొదట ఆ రికార్డులుండే సర్వరునే అడిగి చూశాం. తర్వాత బయటి సర్వర్లని అడిగాం. అన్నీ ఒకే జవాబు చెప్పాయి. వేరే ఖాతాల నుంచి మెయిళ్ళు పంపితే చేరాయి.

"మరి ఆ పోయిన మెయిలో?" అని అడిగాను.

"పోలేదు. పంపిన సర్వరు ఒకసారి కుదరకపోతే వదిలెయ్యదు. మళ్ళీ మళ్ళీ వస్తది. ఉండు."

పదకొండున్నర ప్రాంతంలో రాఘవమ్మ గారు ఫోన్లోనే ఏడ్చేశారు. "వచ్చిందండీ! జవాబు కూడా ఇచ్చేశాం."

ఎక్కడో కనిపించని యంత్రమేదో పొద్దుటి నుంచి విసుగు లేకుండా తలుపు తడుతూనే ఉంది. అది తడుతుందని ఈ చిన్న గదిలో కూర్చున్న మనిషికి ముందే తెలుసు. ఏది ఎక్కువ ఆశ్చర్యమో నాకు ఇప్పటికీ తేలలేదు.

మర్నాడు ఇంకో సైటు మార్పు నాకే ఇచ్చారు. "వద్దు మేడం, భయమేస్తోంది" అన్నాను.

"భయం ఉంది గనకే నీకిస్తున్నా."

సువార్త గారు పోయి రెండేళ్ళయింది. నాకు పని చేతికొచ్చింది గానీ ఆ భయం పోలేదు, పోనివ్వను కూడా. ఏ రికార్డు మార్చబోయినా, దాని అవతల ఏ రోగి ఎదురుచూస్తున్నాడోనని ఒక్క క్షణం చెయ్యి ఆగుతుంది.