యాసిడ్ తొట్టి వచ్చాక

అనకాపల్లి శివార్లలో ఒక చిన్న కార్ఖానాలో చేరినప్పుడు నాకు పని నేర్పింది పూడిమడక నుంచి వచ్చే ఒకావిడ. నాకంటే పదిహేనేళ్ళు పెద్దది. వదినా అని పిలిచేదాన్ని.

అక్కడ పంపుల్లో వేసే గోరంత ఉక్కు ముక్కలు తయారవుతాయి. మిషను కోసిన చోట, అంచున వెంట్రుకంత సన్నని పొర మిగిలిపోతుంది. బర్ అంటారు దాన్ని. కంటికి ఆనదు, వేలికి గుచ్చుకుంటుంది. కిటికీ పక్కన బల్ల దగ్గర ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ఆకురాళ్ళతో ఆ పొర గీకేవాళ్ళం. నేను గీకిన ముక్కను వదిన తన చీరకొంగు మీద లాగి చూసేది. నూలుపోగు తగులుకుంటే మళ్ళీ నా ముందుకు తోసేది.

చేతులు పనిలో ఉన్నా నోళ్ళు ఖాళీయే కదా. వాళ్ళ ఊళ్ళో ఎవరి పడవకు ఏ చేప పడిందో తను చెప్పేది, కశింకోట నుంచి షేర్ ఆటోలో ఎలా ఇరుక్కుని వచ్చానో నేను చెప్పేదాన్ని. మా అమ్మ పోయినప్పుడు చాలా రోజులు నాకు చెయ్యి ఆడలేదు. నా వాటా ముక్కలు కూడా తనే గీకి నా ట్రేలో పోసేది.

తర్వాత తొట్లు వచ్చాయి. ముక్కల్ని చిల్లుల బుట్టలో పోసి యాసిడ్ నీళ్ళలో ముంచితే బుడగలు లేచి ఆ పొర కరిగిపోతుంది. ఆపైన నీళ్ళలో కడిగి, తుప్పు పట్టకుండా నూనెలో ముంచుతాం. మాకు రోజంతా పట్టే పని కొన్ని నిమిషాల్లో అయిపోయేది. ఇక ఒక్కరే చాలు, ఎవరుంటారో మీరే తేల్చుకోండి అన్నాడు సూపర్‌వైజరు.

వదిననే ఉండమన్నాను. తను ఆకురాయి తుడుస్తూ, "యాసిడ్ డబ్బాల మీద రాసింది సదవాలి కదా పిల్లా. నాకు రాదు. నువ్వుండు," అంది.

ఆ శనివారంతో మానేసింది.

మరుసటి వారం ఏదో ఆలోచిస్తూ ఒక బుట్టను ఎక్కువసేపు తొట్టిలో ఉంచేశాను. పొరతోపాటు ముక్కల్నీ యాసిడ్ తినేసింది. బుట్టెడూ తుక్కులో పోయాయి. ఎవరూ పెద్దగా తిట్టలేదు. ఏడుపు మాత్రం ఆగలేదు.

కొన్నాళ్ళకు ప్యాకింగులో మనిషి కావాలన్నారు. ఆ ఆదివారమే బస్సెక్కి పూడిమడక వెళ్ళాను. వదిన ఇసుకలో ఎండుచేపలు తిరగేస్తోంది. అన్నం పెట్టి, తినేదాకా పక్కనే కూర్చుంది. ప్యాకింగు సంగతి చెప్పి రమ్మన్నాను.

"తొట్టి కాడ నీతో ఎవరైనా ఉంటారేటి?" అని అడిగింది.

"ఎవరూ ఉండరు వదినా."

"మరి ప్యాకింగు అవతలి సెడ్డులో కదా. నేనొచ్చినా మనం కలిసి కూకునేది లేదు."

ఆ మాట నాకు తట్టనే లేదు. రమ్మని మళ్ళీ అడగలేకపోయాను. బస్సు వచ్చేదాకా నా చెయ్యి పట్టుకుని నిలబడింది.

ఇప్పుడు గ్లౌజులూ కళ్ళద్దాలూ మాస్కూ పెట్టుకుని తొట్టి దగ్గర నిలబడతాను. పని పట్టుబడింది. బుట్టలు పాడవడం లేదు. మధ్యాహ్నం భోజనం వేళ తనకు ఫోన్ చేస్తాను. సముద్రం హోరులో తన మాట సగమే వినపడుతుంది. అయినా పెట్టేయబుద్ధి కాదు.