పాడైన ఫోటోల కవరు

నిన్న ఏలూరు ఇంట్లో అటక సర్దుతుంటే ఫిల్ము డబ్బా ఒకటి దొరికింది. నల్లటి డబ్బా, బూడిదరంగు మూత. మన ఈడువాళ్లకి గుర్తుందా? మీ ఇళ్లలోనూ అందులో కుంకుమ పోసుకునేవారా? మూత తీసి వాసన చూశాను. అంతే, ఎనిమిదో తరగతి వేసవి సెలవుల్లోకి వెళ్లిపోయాను.

అప్పట్లో ఫోటోలు తీయడం నేర్చుకోవాలని నాకు ఒకటే పిచ్చి. ఫోన్లో పాఠాలు లేవు, లైబ్రరీలో పుస్తకమూ దొరకలేదు. వీధి చివర స్టూడియో నడిపే సత్యవతిగారిని అడిగితే, పాడైన ఫోటోల కవరు చేతిలో పెట్టారు.

"ఏది ఎందుకు పాడైందో చెప్పమ్మా. అన్నీ చెప్పాక కెమెరా ఇస్తాను."

ఆ సెలవులంతా అరుగు మీద అవే చూస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నపు వెలుగు వాటి మీద నీళ్లలా కదిలేది. తల తెగిన పెళ్లికొడుకు, ఎండకి తెల్లబోయిన కొల్లేటి కొంగలు. ఒక్కొక్కటే వెళ్లి చెప్పాను. చివరికి ఒకటి మిగిలింది. పడవలో ఒక పెద్దావిడ పకపకా నవ్వుతోంది, బొమ్మంతా అలుక్కుపోయింది.

"చెయ్యి కదిలిందండీ. కానీ ఇది పాడవలేదండీ. తీసినవాళ్లు కూడా నవ్వుతున్నట్టున్నారు," అన్నాను.

సత్యవతిగారు ఆ ఫోటోని చేతిలోకి తీసుకున్నారు.

"ఆవిడ మా అమ్మేనమ్మా. నాకూ నవ్వు ఆగలేదు. ఆవిడకి ఇంకో ఫోటో లేదు. ఉన్న ఒక్కటీ పాడుచేశాననే అనుకున్నాను ఇన్నేళ్లూ."

కెమెరా తెచ్చి నా మెడలో వేశారు. ఆ ఫోటోని మాత్రం తిరిగి కవర్లో పెట్టలేదు. పైటచెంగుతో తుడిచి, వీధిలోకి కనపడే అద్దాల అరలో, పెళ్లికూతుళ్ల ఫోటోల మధ్య నిలబెట్టారు.