రెండో గిన్నె అంబలి

గజపతినగరంలో తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు చెబుతాను. ఆ రోజు పాఠంలో ‘హిట్ ద స్పాట్’ అన్న మాట తగిలింది. తిన్నదో తాగినదో ఆ వేళకి సరిగ్గా కావలసినట్టు పడి, ఒళ్లంతా హాయిగా ఉంటే అలా అంటారని చెప్పాను.

"అంటే తృప్తేనా టీచర్?" అంది ముందు బెంచీ పిల్ల.

అవునన్నాను గానీ నాకే నచ్చలేదు. ఆలోచించి చెప్తానని తప్పించుకున్నాను.

అసలు నా బుర్ర ఇంట్లో ఉంది. నౌపడ నుంచి వచ్చిన మా అత్తకి జ్వరం తగ్గి వారమైనా ముద్ద దిగడం లేదు. ఇలాగే ఉంటే మళ్లీ ఆస్పత్రిలో చేర్చాలన్నాడు డాక్టరు. ఇడ్లీ పెట్టాను, ఓట్సు కాచాను, సూపు చేశాను. ఆ సాయంత్రం కూడా రెండు చెంచాలు మింగి పక్కన పెట్టేసింది.

"ఏటి సెయ్యమంటావే? కడుపులోకి దిగతన్నాది గానీ పేణానికి అందట్లేదు."

నాకు ఒళ్లు మండింది. వండేది నేను కదా!

మర్నాడు పొద్దున్నే వంటింటి మూల ఓ కుండలో బూడిదరంగు నీళ్లు పుల్లటి కంపు కొడుతున్నాయి. పారబోసి, కుండ తోమేశాను. అత్త గుమ్మంలోంచి చూసింది. తిట్టినా బాగుండేది. గోడవైపు తిరిగి పడుకుంది.

మా ఆయన తల పట్టుకున్నాడు. "అది సోడిపిండే! అంబలికని అమ్మ నిన్న గోడ పట్టుకుని లేసి కలుపుకున్నాది. పులవకపోతే అంబలేటి?"

నేను బొబ్బిలి కిరాణా కొట్టువాళ్ల పిల్లని. చోడిపిండి, అదే రాగిపిండి, తూచి అమ్మాం గానీ, మా ఇంట్లో ఏనాడూ పులియబెట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ సాయంత్రం అత్త మంచం మీంచి చెబుతుంటే నేనే కలిపాను. "నీలు సాల్లేదు. ఒసే, సెంచాతో కాదే, సేత్తో కలుపు!"

తెల్లారేసరికి అదే కంపు. ఈసారి దానికి నా ప్రాణం లేచొచ్చింది. నూకలు వేసి ఉడికించి, చల్లార్చి, ఉప్పూ మజ్జిగా కలిపి, నంజుకోడానికి ఉల్లిపాయతో ఇచ్చాను.

గిన్నె ఎత్తి గటగటా తాగింది. "ఆఁ..." అని కళ్లు మూసుకుంది. నేను గుడ్లప్పగించి చూస్తున్నాను.

"ఏటలా సూస్తావు? ఇంకో గిన్నెడు పొయ్యి."

పోస్తూ ఏడ్చేశాను.

"నీ ఇల్లు బంగారం గానూ! ఉప్పు సరిపోయినాది, కన్నీలు కలపకే!"

బడికి ఆలస్యంగా వెళ్లాను. ముందు బెంచీ పిల్ల మర్చిపోలేదు. బోర్డు మీద ‘హిట్ ద స్పాట్’ పక్కన మా అత్త మాట రాశాను: పేణానికి అందడం.

"ఆఁ..." అంది క్లాసంతా.