ఎడమచేత్తో రాసిన చీటీ

మొన్న ఆదివారం మా అమ్మాయి వెళ్లే పెద్ద చర్చిలో నా చేతికి ఓ కాగితం, పెన్సిలూ ఇచ్చారు. బోధ, ప్రవచనం, స్వస్థత, నడిపింపు అంటూ వరసగా గళ్లు. ‘మీకున్న ఆత్మీయ వరం దగ్గర టిక్కు పెట్టండి’ అని పైన. నా పెన్సిలు ‘వివేచన’ దాకా వెళ్లి ఆగిపోయింది. ఎవరిలో ఏ ఆత్మ పనిచేస్తోందో కనిపెట్టే ఆ వరం నాకుందని ఒకప్పుడు గట్టిగా నమ్మినవాణ్ణి.

తొంభైల చివర్లో మా సహవాసం పాతబస్తీ శాలిబండలో, ట్రంకుపెట్టెలు చేసే కార్ఖానా మీది గదిలో కూడేది. కార్ఖానాకు సెలవు శుక్రవారం, అందుకని ఆదివారం మా స్తుతులన్నీ కింద రేకు మీద పడే సుత్తి దెబ్బల తాళానికే సాగేవి. అచ్చు ప్రెస్సులో పనిచేసే మా బావ, అక్క భర్త, డోలక్ వాయించేవాడు. నేను వాక్యం బోధించేవాణ్ణి. పదో తరగతి దాటని నాకు ఆ ధైర్యం మూసీ ఒడ్డున ఉన్న పెద్ద గ్రంథాలయం ఇచ్చింది. మందుల దుకాణంలో గుమాస్తా పని ముగించుకుని అక్కడే కూర్చుని వ్యాఖ్యానాలు, మనస్తత్వ శాస్త్రం, చేతిరాతను బట్టి మనిషిని పట్టేసే పుస్తకాలు, దొరికినవన్నీ చదివేవాణ్ణి.

ప్రవచన వరం మా మేనత్తది. ప్రసూతి ఆసుపత్రిలో ఆయా. ప్రార్థన మధ్యలో లేచి కళ్లు మూసుకుని ఏ ఇంటి కష్టమో పలికేది. ఎవరో ఒకరు ఏడ్చేవారు. నాకు అనుమానం. మా దగ్గర ప్రార్థన అవసరాలు పేరు లేకుండా చీటీల మీద రాసి బిస్కెట్ డబ్బాలో వేసే ఆనవాయితీ ఉండేది. దేవుడు చదివితే చాలని వారం తర్వాత వాటిని విప్పకుండానే కాల్చేసేవాళ్లం. ఆ వారమంతా డబ్బా ఉండేది అత్తమ్మ ఇంట్లో. మూతకు తాళం లేదు.

చూపు మందగించిన మా సంఘ పెద్ద తన తర్వాత నడిపేవారెవరో ఫలానా ఆదివారం చెబుతానన్నాడు. సగం మంది నోట అత్తమ్మ పేరే. ఆ పెద్దరికం ఆమెకు పోతే నేను చదివిన పుస్తకాలన్నీ ఏం కావాలి? ఎడమచేత్తో ఓ అబద్ధం రాశాను: ‘పని పోయింది. ఇంట్లో చెప్పుకోలేకపోతున్నాను.’ డబ్బాలో వేశాను.

ఆ ఆదివారం అత్తమ్మ లేచింది. “ఒకని పని పోయింది. ఇంట్ల చెప్తలేడు. బిడ్డా, దాచకు. నీ ఇంటామెకు చెప్పు.”

దొరికింది! అందరి ముందూ బయటపెడదామని లేచి నిలబడ్డాను. నేను నోరు తెరిచేలోపే వెనక డోలక్ కింద పడ్డ చప్పుడు.

“గా పని పోయినోన్ని నేనే,” అన్నాడు బావ. “ప్రెస్సు మూసి మూడు నెలలాయె. పొద్దుగాల టిఫిన్ పట్టుకొని యాకుత్‌పురా స్టేషన్ల కూసుంటున్న. రేపు ఏదో ఒక రైలెక్కి పోదామనుకున్న.”

అక్క ఆడవాళ్ల వైపు నుంచి చాపలు దాటుకుంటూ వచ్చి అతని చొక్కా పట్టుకుంది. “మూడు నెలలు స్టేషన్ల తిన్నవా? అదే టిఫిన్ ఇంట్ల తింటే ఏమైతుండె నీకు?” అని, అతని భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

నేనింకా నిలబడే ఉన్నాను. పెద్దాయన నా వైపు తిరిగాడు. “ఏంది తమ్మీ, లేచినవ్?”

“ప్రార్థన చేద్దామని,” అన్నాను. ఏం ప్రార్థించానో గుర్తులేదు. అయ్యాక పెద్దాయన, “అందరికన్న ముందు లేచినోడు గీయనే. ఇగ గీయనే నడిపిస్తడు,” అనేశాడు.

అందరూ వెళ్లాక చాపలు చుడుతున్న అత్తమ్మ దగ్గరికి వెళ్లాను. “చీటీ చదివినవ్ గద?”

“చదివిన. చదువకుంటే ఏమని మొక్కాలెరా? లైబ్రరీల పుస్తకం అడిగే కాగితం ఎనుక రాస్తివి. మనోళ్లల్ల గది నీకు గాక ఇంకెవలకు దొర్కుతది? నీ పనే పోయిందనుకొని మూడు దినాలు ఉపాసమున్న. నీకే చెప్పిన.”

“నా పని పోలేదత్తమ్మా.”

చుట్టిన చాపతో నా వీపు మీద ఒక్కటేసింది. “దొంగసచ్చినోడా! గీ లొల్లి బావకు చెప్పకు. లేచి నిలవడ్డోన్ని మల్ల కూసోవెట్టకు.”

“మరి బావ సంగతి నీకెట్ల...”

“నాకేమెరుక?”

ఆమె ఇల్లు యాకుత్‌పురా స్టేషన్ వెనక సందులోనే. డ్యూటీకి రోజూ ఆ ప్లాట్‌ఫారం దాటే వెళ్లేది. చూసిందా? చూసే ఉంటే, అంతా నాకే చెప్పానని ఎందుకంది? అడుగుదామంటే ఇప్పుడు అత్తమ్మ లేదు. అనుమానం మాత్రం ఉంది.

బావ ఇప్పటికీ ఏటా ఆ ఆదివారం సాక్ష్యం చెబుతాడు. నేను తల వంచుకుంటాను, చూసేవాళ్లు వినయమనుకుంటారు. ఒప్పుకోవాలని ఏటా అనుకుంటాను. కానీ ఏళ్లు గడిచేకొద్దీ, బావను ఇల్లు చేర్చిన ఆ అబద్ధంలో నాదని చెప్పుకోగలిగిన వాటా తరిగిపోతూ వస్తోంది.