ఐదో అంతస్తులో ఏడో పోగు

మా ఉస్తాద్ పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను లాలాగూడలో ఒక కొత్త భవనం మూడో అంతస్తులో గాజు పోగులు అతుకుతున్నాను. ఫోన్ చేసింది ఆయన పెద్ద కూతురు. "అక్కా, నాన్న పొద్దుగాల పోయిండు" అని మాత్రం అన్నది. వస్తున్నానమ్మా అని ఫోన్ పెట్టేసి మళ్లీ పనిలో కూర్చున్నాను. మూడుసార్లు పెట్టినా పోగు అతకలేదు. అతికే మిషన్ మూసేసి అల్వాల్ బస్సెక్కాను.

ఆయన పనేమిటో మీకు తెలియకపోవచ్చు. ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో ఒక్కో అంతస్తుకూ నెట్ ఎలా వస్తుందని ఎవరడుగుతారు? మెట్ల పక్కన గోడలో కింది నుంచి డాబా దాకా ఇరుకు సందు ఒకటి ఉంటుంది. అందులో వేలెడు లావు కేబుల్ నిలువునా పైకి పోతుంది. దాని లోపల వెంట్రుకంత సన్నటి గాజు పోగులు. కబుర్లన్నీ వాటిలోంచే వెలుగై పరుగెడతాయి. మేమంతా దాన్ని బ్యాక్‌బోన్, అంటే వెన్నెముక, అంటాం. ఆయన మాత్రం "బిల్డింగు ఎన్నుబొక్క" అనేవారు. సికింద్రాబాద్‌లో ఎన్ని భవనాలకు ఆ బొక్క నిలబెట్టారో ఆయనకే గుర్తు లేదు.

ఐటీఐ చదివి పని కోసం తిరిగినప్పుడు, ఆడమనిషి ఆ సందుల్లో ఎట్లా దూరుతుందని నలుగురు నన్ను పంపించేశారు. ఈయన మాత్రం "సందుకు ఆడ, మొగ ఎర్కనా? రేపు రా బిడ్డా" అన్నారు. ఆ రేపటి నుంచి పదమూడేళ్లు.

కుదురన్నది ఎరగని మనిషి. చాయ్ కూడా నిలబడే తాగాలి, అదీ రెండు గుక్కల్లో. లిఫ్ట్ కోసం ఆగడం ఆయన వల్ల అయ్యేది కాదు. మేం కేబుల్ లాగుతుంటే వెనక నిలబడి ఒకటే సణుగుడు.

"ఏందమ్మా గా గుంజుడు? మొండి ఎద్దును గుంజినట్టు. జెర నిమ్మళంగ తోల్కపో."

నేనూ తక్కువదాన్ని కాదు. "మీరు జెర అవుతలికి పోతె నిమ్మళంగనే చేస్తా ఉస్తాద్" అనేదాన్ని. నవ్వేవారు, కదిలేవారు మాత్రం కాదు. అదే మనిషి రెండు పోగుల కొసలు ఎదురెదురుగా పెట్టి అతికేటప్పుడు ఊపిరి కూడా బిగబట్టేవారు. ఆయన కదలకుండా ఉండగా నేను చూసింది ఆ కాసేపే.

ఆయనకొక నియమం ఉండేది. పోగు అతికినవాళ్లే కింది నుంచి వెలుగు పంపి ఒకసారి, పైకెక్కి అక్కడి నుంచి పంపి ఒకసారి కొలవాలి. ఒకవైపు నుంచి బాగున్నట్టు కనిపించిన అతుకులో లోపం రెండోవైపు నుంచి బయటపడుతుంది. "ఒక దిక్కు చూసి వచ్చినోడు సగమే చూసినట్టు" అనేవారు. ఈ మాట మనుషుల గొడవల్లో కూడా వాడేవారు లెండి.

మూడేళ్ల కిందట బొల్లారం దారిలో ఒక స్కానింగ్ సెంటర్ పని ఒప్పుకున్నాం. తెల్లారితే ప్రారంభం. ఐదో అంతస్తులో సందు పక్కన గోడకు బిగించిన పెట్టెలో పన్నెండు పోగులు అతికి, కిందికి దిగి కొలిచాను. ఇక కొలిచే మిషన్ మోసుకుని మళ్లీ పైకెక్కాలి. లిఫ్ట్ ఇంకా షురూ కాలేదు, కాళ్లు పీకుతున్నాయి. సాకులు చెప్పను, బద్ధకించాను. మొదటి అంకెలనే కాస్త అటూ ఇటూ మార్చి కొలతల కాగితంలో పైనుంచి కొలిచినట్టు రాసేశాను.

"రెండు దిక్కులా చూసినవా బిడ్డా?"

"చూసిన ఉస్తాద్."

ఆయన కాగితం మీద సంతకం పెట్టారు. ఆ రోజు నుంచి నాకు మనసు మనసులో లేదు. పైన తీసిన స్కాన్ కింద డాక్టరు దగ్గరికి రావలసింది ఆ పోగుల్లోంచే. ఎప్పుడైనా ఒకటి మొరాయిస్తే నింద పడేది నా మీద కాదు, సంతకం పెట్టిన మనిషి మీద. ఆ దారిన వెళ్లినప్పుడల్లా బస్సులో తల తిప్పుకునేదాన్ని. చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. తిడతారని కాదు, మళ్లీ నమ్మరేమోనని భయం.

పోయిన నెల చూడటానికి వెళితే మంచం మీద ఉన్నారు. గుండె జబ్బు. దుప్పటి కింద కాళ్లు మాత్రం ఆడుతూనే ఉన్నాయి. వాళ్లావిడ చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లాక, "ఏమన్న చెప్పేదున్నదా?" అని అడిగారు.

"ఏం లేదు ఉస్తాద్. మీరు పరేషాన్ కావద్దు."

"నేనెందుకైతా పరేషాన్" అని గోడవైపు తిరిగి పడుకున్నారు. అదే ఆఖరి మాట.

దినాలు అయిన మర్నాడు అతికే మిషన్, కొలిచే మిషన్ తీసుకుని ఆ స్కానింగ్ సెంటర్‌కు వెళ్లాను. మేనేజరు గుంటూరు వైపు ఆయన. "అంతా బానే పనిచేస్తుంది కదండీ, ఇప్పుడు కదపటం ఎందుకండీ?" అన్నారు.

"అప్పుడు నేను తప్పుడు కాగితం ఇచ్చానండీ. సంతకం మా ఉస్తాద్‌ది, అబద్ధం నాది."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "సరే, పేషెంట్లొచ్చే లోపల కానివ్వండి" అన్నారు.

ఐదో అంతస్తు పెట్టె మూత తీశాను. మూత లోపలివైపు ఒక కాగితం అంటించి ఉంది. పెన్సిల్ రాత, ఉస్తాద్‌ది. తేదీ ప్రారంభం రోజుది. పదకొండు పోగులకు కింది నుంచి ఎంత, పైనుంచి ఎంత, అన్నీ ఆయనే కొలిచి రాశారు. ఏడో వరుస మాత్రం ఖాళీ. స్కాన్లు పోయే ఏడో పోగును పక్కకు తప్పించి, ఆ పనిని ఖాళీగా ఉన్న తొమ్మిదో పోగుకు మార్చారు. తప్పించిన పోగుకు చిన్న చీటీ కట్టారు. "ఏడు. అతుకు మంచిగ లేదు. బిడ్డ వచ్చి చూస్తది."

నాకు ముందు కోపమే వచ్చింది. కేబుల్ కాస్త ఎక్కువ వంగితే నాలుగంతస్తులకు వినబడేలా అరిచే మనిషి, దీనికి ఒక్క మాట అనలేదే. తిట్టి ఉంటే పోయేది కదా. మూడేళ్లు నేను చెబుతానని ఎదురుచూశారు, మంచం మీద నోరు విడిచి అడిగారు కూడా. ఆ మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను.

తర్వాత ఏడో పోగు కోసి మళ్లీ అతికాను. కిందికి దిగి కొలిచాను, మిషన్ మోసుకుని పైకెక్కి కొలిచాను. లిఫ్ట్ ఉంది, ఎక్కబుద్ధి కాలేదు. బాగానే వచ్చింది. ఆయన వదిలిన వరుసలో రెండు అంకెలూ రాశాను. ఆయన రాత పక్కన నాది వంకరగా పడింది.

అప్పుడు చూశాను, కాగితం అడుగున సంతకం కోసం ఒక గీత ఉంది. దాని మీద ఏమీ లేదు. నా అబద్ధం మీద వెంటనే సంతకం పెట్టిన మనిషి, తన చేత్తో కొలిచిన నిజం మీద పెట్టలేదు. ఏడో వరుసలాగే దీన్నీ నాకే వదిలారు. ఆ గీత ముందు పెన్సిల్ పట్టుకుని నిలబడ్డాను. కింది నుంచి మేనేజరు కేకేశారు, అయిందా అండీ అని.

"ఇంకా లేదండీ" అన్నాను.