వస్తో గది

కిందటి నెల ఒక ఆదివారం, సిడ్నీ పడమటి అంచున ఉన్న వాటిల్ వండర్ పార్కులో, అరవై ఎనిమిదేళ్ళ జ్ఞానప్రసూన ఆంటీకి ఎత్తు చాలలేదు.

కూకబర్రా కోస్టర్ అని అక్కడ కొత్తగా పెట్టిన రోలర్‌కోస్టర్ బండి ఒకటుంది. దాని గేటు దగ్గర, చిన్నసైజు కంగారూలా ఉండే చెక్క వాలబీ బొమ్మ చెయ్యి చాపి నిలబడి ఉంటుంది. ఆ చెయ్యి కిందనుంచి వంగకుండా దాటగలిగినవాళ్ళు బండి ఎక్కకూడదు. ఆంటీ వంగకుండా దాటారు. కొప్పు మాత్రం బొమ్మ వేళ్ళకి రాసుకుంది. ఆ సంగతి ఆవిడ గేటు దగ్గరి కుర్రాడి దృష్టికి తెచ్చారు. ఎండకి మాడకుండా ముక్కుకి తెల్లటి జింకు పూసుకున్న ఆ అబ్బాయి అనుమతి అడిగి, కొప్పుని రెండు వేళ్ళతో మెల్లిగా నొక్కి చూసి, జుట్టు లెక్కలోకి రాదని విచారంగా చెప్పాడు. ఎత్తు చాలనివాళ్ళకి ఇవ్వవలసిన స్టిక్కరు ఇచ్చాడు. 'వచ్చే ఏడు తప్పకుండా!' అని రాసి ఉంది దాని మీద. ఆంటీ దాన్ని స్వెటరుకి అంటించుకుని, థాంక్యూ చెప్పి, వెనక్కి వచ్చేశారు.

వెనకాలే నిలబడి ఇదంతా చూస్తున్న ఆవిడ చెల్లెలు శ్యామసుందరి గారు, "ఒసేయ్ అరటిక్కెట్టూ!" అని పడీపడీ నవ్వారు.

అక్కని 'ఒసేయ్' అనే హక్కు ఆవిడకి ఎత్తు వల్ల వచ్చింది. కాకినాడలో వేసవి ఎగ్జిబిషన్‌కి వెళ్ళినప్పుడు వాళ్ళ నాన్నగారు మూడేళ్ళు చిన్నదైన చెల్లెలికి ఫుల్ టిక్కెట్టు, అక్కకి అరటిక్కెట్టు కొనేవారట. చెల్లెలు అప్పటికే తాటిచెట్టులా సాగింది. గేటువాడికి ఎప్పుడూ అనుమానం రాలేదు. ఇంట్లో మాత్రం ఆ పేరు ఉండిపోయింది.

ఆంటీ నాకు చుట్టం కాదు. ఇరవై రెండేళ్ళ కిందట నేను స్టూడెంటుగా వచ్చినప్పుడు గిరావీన్‌లో వాళ్ళింటి గరాజు పక్కగదిలో అద్దెకి దిగాను. అన్నం వండుకోబోయి స్మోక్ అలారం మోగించి, వీధి వీధంతటినీ నైటీలతో, లుంగీలతో బయట నిలబెట్టిన రోజునుంచి, వంట మానుకుని వాళ్ళింట్లోనే తినమన్నారు. ఇప్పుడు నాకు అదే వీధిలో సొంత ఇల్లు, పన్నెండేళ్ళ కూతురు అక్షర, అంతకన్నా పెద్ద బట్టతల ఉన్నాయి. ఆవిడకి నేను ఇంకా 'కిట్టూ'నే.

ద్వారకానాథ్ అంకుల్ యూనివర్సిటీలో ఇంజినీరింగు చెప్పేవారు. పోయి రెండేళ్ళయింది. కొడుకు ఆదర్శ్ పెర్త్‌లో ఉంటాడు. అది కూడా ఆస్ట్రేలియానే, కాకపోతే విమానంలో ఐదుగంటలు. అందుకని న్యూజెర్సీ నుంచి శ్యామసుందరి గారు ఒక నిర్ణయం తీసుకుని మరీ వచ్చారు: ఇల్లు అద్దెకిచ్చేసి అక్క తనతో వచ్చి ఉండాలి. వచ్చిన రోజు నుంచీ ఒకటే మాట. "నీకెవరున్నారే ఇక్కడ?"

ఆంటీకి వెళ్ళాలని లేదు. ఆ మాట నాతో చెప్పారు, నా భార్య వైశాలితో చెప్పారు, కరివేపాకు కోసుకోవడానికి వచ్చిన పక్కింటివాళ్ళతో కూడా చెప్పారు. చెల్లెలితో చెప్పడం మాత్రం చేతకాలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ చెల్లెలికి దేనికీ కాదనలేదు. చెల్లెలు ఎప్పుడూ అంతవరకు రానివ్వలేదు. బుధవారం చెల్లెలి ప్రయాణం. ఈలోగా అక్క టిక్కెట్టు కూడా కొనేస్తానంటోంది.

ఇదిగో, అందుకే ఈ పార్కు. కోస్టరు కొసకి ఎక్కి, కిందకి దూకేముందు ఒక్క క్షణం ఆగుతుందని ఎవరో చెప్పారట. ఆ క్షణంలో "నేను రానే" అని చెప్పేస్తే, ఆ తర్వాత చెల్లెలు నోరు తెరిచినా కేక తప్ప మరో మాట రాదు కదా అని ఆంటీ ఆలోచన. ఇంత చక్కటి పథకం చెక్క వాలబీ చేతిలో పాడైపోయింది.

బండి ఎక్కడానికి శ్యామసుందరి గారు, అక్షర వెళ్ళారు. నేను సంచులు పట్టుకుని నిలబడ్డాను. ఐదు నిమిషాల్లో తిరిగొచ్చి శ్యామసుందరి గారు తీర్పు చెప్పారు: నోరు తెరిచేలోపు అయిపోయింది. ఫ్లోరిడాలో అయితే రెండుగంటలు క్యూలో నిలబడాలి, అంతసేపు నిలబడితేనే ఎక్కినట్టుంటుంది. ఇక్కడ నడుచుకుంటూ వెళ్ళి కూర్చోవడమే. ఇదేం పార్కు, బస్‌స్టాపులా ఉంది.

ఆ రోజు ఆవిడకి నచ్చనివి చాలా ఉన్నాయి. కోక్‌లో ఐసు మూడు ముక్కలు. రెండోసారి నింపరు. చిప్స్‌తో టొమాటో సాసు కావాలంటే విడిగా కొనుక్కోవాలి. పనివాళ్ళు నవ్వుతూ ఎదురొచ్చి మీ రోజు అద్భుతంగా గడవాలని కోరుకోరు, "హౌ యా గోయిన్?" అని జవాబు వినకుండా వెళ్ళిపోతారు. ఐదింటికి పార్కు మూసేస్తారని తెలిసి మూడుసార్లు బోర్డు చదివారు. "చీకటి పడకుండా థీమ్ పార్కేవిటి కిట్టూ? ఇది క్రెష్షా?" అన్నారు నాతో. ఒక్క విషయం మాత్రం మెచ్చుకున్నారు. సన్‌స్క్రీను గోడకి తగిలించి ఉంటుంది, ఎవరైనా ఊరికే పూసుకోవచ్చు. ఆవిడ మోచేతులదాకా రెండుసార్లు పూసుకున్నారు.

చిప్స్ తినే బల్ల దగ్గర ఆంటీ మళ్ళీ ప్రయత్నించారు. గొంతు సవరించుకుని, "శ్యామూ, నేను చెప్పేదేవిటంటే" అని మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే ఒక ఐబిస్ పక్షి బల్ల మీదికి వచ్చింది. పొడుగు ముక్కు, నల్ల మెడ, చెత్తకుండీల్లో తిరిగి బూడిద పట్టిన తెల్ల ఒళ్ళు. మర్యాదగా అటూ ఇటూ చూసి, చిప్స్ పొట్లం మొత్తం ఎత్తుకుపోయింది. కోస్టరు మీద రాని కేక శ్యామసుందరి గారికి అక్కడ వచ్చింది. తేరుకున్నాక ఐసు వేసిన నీళ్ళు తెచ్చుకుంటానని లేచి వెళ్ళారు.

"షీస్ బీన్ ట్రైయింగ్ ఆల్ డే, డాడ్," అంది అక్షర, ఆంటీకేసి చూస్తూ. తెలుగు మాట్లాడదు గాని, అన్నీ అర్థమవుతాయి.

పావుగంట దాటినా ఆవిడ రాలేదు. ఫోను చేస్తే మోగలేదు. అమెరికా సిమ్ముకి ఇక్కడ బిల్లు పడుతుందని ఆపేసుకుని తిరుగుతున్నారు. నేను చిప్స్ కొట్టు, టాయిలెట్లు, నీళ్ళ కుళాయిలు అన్నీ వెతికాను. ఒక సెక్యూరిటీ అతన్ని పట్టుకుంటే ఎలా ఉంటారని అడిగాడు. నాకు ఆవిడ ఇంట్లో కట్టుకునే చీరే గుర్తొచ్చింది, ఆ రోజు ప్యాంటు వేసుకొచ్చారని తట్టలేదు. ఆంటీని చూపించి, ఈవిడకన్నా పొడుగు అన్నాను. అతను చుట్టూ ఉన్న జనాన్ని చూసి, అందరూ అంతేనన్నాడు.

అప్పుడు మైకులో వినపడింది. ప్రాస్ గనక పార్కులో ఉంటే దయచేసి వస్తో దగ్గరికి రావాలి, అక్కడ మీ మనిషి ఒకరున్నారు అని.

ప్రాస్ అంటే మా ప్రసూన ఆంటీయే. వస్తో సంగతి చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ఆంటీ ఎమ్మే చదివారు, తెలుగులో. ముప్ఫై అయిదేళ్ళ కిందట అంకుల్ వెంట సిడ్నీ వచ్చాక ఆ చదువుతో ఏ పని దొరుకుతుందో ఎవరికీ తోచలేదు. ఈ పార్కులో చిప్స్ పొట్లాలు కట్టే పని దొరికింది. ఒకరోజు తప్పిపోయిన పిల్లల్ని కూర్చోబెట్టే గదిలో డ్యూటీ మనిషి రాకపోతే ఆవిణ్ణి పంపారు. గుక్కపట్టి ఏడుస్తున్న మూడేళ్ళవాడు ఒకడున్నాడు లోపల. వాడి ఇంగ్లీషు ఈవిడకి అర్థం కాలేదు, ఈవిడ ఇంగ్లీషు వాడికి అర్థం కాలేదు. చేసేదేమీలేక వాడి ఎదురుగా నిలబడి, "ఏడవకు నాన్నా, అమ్మ వస్తుంది, అమ్మ వస్తుంది" అనడం మొదలుపెట్టారు. మిగతా పెద్దవాళ్ళందరూ వంగి మాట్లాడేవాళ్ళు. ఈవిడ పెద్దగా వంగక్కర్లేదు. వాడు ఏడుపు ఆపి ఆవిడ మొహంలోకి చూశాడు. నిజంగానే వాళ్ళమ్మ వచ్చింది.

ఆ తర్వాత పంతొమ్మిదేళ్ళు ఆవిడ ఆ గదిలోనే పనిచేశారు. తప్పిపోయినవాళ్ళు ఎటునుంచైనా రావచ్చు, ఆ గదిలో మనిషి మాత్రం అక్కణ్ణుంచి కదలకూడదన్నది నియమం. ఇంగ్లీషు బాగా వచ్చాక కూడా పిల్లలకి ఆ మాట మార్చలేదు. తోటి పనివాళ్ళకి అది గది పేరులా వినపడింది. ఆఫ్టర్‌నూన్ అనే మాటని కుదించి ఆర్వో చేసిన ఈ దేశంలో, 'అమ్మ వస్తుంది' ఎన్నాళ్ళు నిలుస్తుంది? వస్తో అయి కూర్చుంది. వాకీటాకీల్లో "వన్ ఫర్ వస్తో" అనుకుంటారు. ఇప్పుడు పనిచేసేవాళ్ళలో చాలామందికి అది ఏ భాషో కూడా తెలియదు. ఇటలీలో ఊరి పేరనుకుంటారట. ఇక బయట కూడా, కిందటేడు వాళ్ళింట్లో కుళాయి బాగుచెయ్యడానికి వచ్చిన ప్లంబరు, రెండు చేతులా పచ్చబొట్లున్న ఆరడుగుల మనిషి, తలుపు తీసిన ఆంటీని చూసి పని సంచీ కిందపెట్టి, "అమ్మా వాస్తుండీ?" అన్నాడు. వాడికి అర్థం తెలియదు. చిన్నప్పుడు ఆ గదిలో ఆ మాట అంటే వాళ్ళమ్మ వచ్చిందని మాత్రం గుర్తుంది.

మేం వెళ్ళేసరికి శ్యామసుందరి గారు పిల్లల కోసం వేసిన ఎర్ర కుర్చీలో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని ఉన్నారు. చేతిలో స్ట్రా గుచ్చిన ఆపిల్ జ్యూసు. ముందు బల్ల మీద రంగు పెన్సిళ్ళు. బల్ల వెనక షెరిల్ ఉంది, ఆంటీతో కలిసి పనిచేసిన మనిషి. ఇద్దరూ కావలించుకున్నారు.

"నేనేం తప్పిపోలేదు," అన్నారు శ్యామసుందరి గారు ఎవరూ అడగకుండానే. "కదలకుండా నించున్నాను. ఒక కుర్రాడొచ్చి వస్తో, వస్తో అంటాడే. ఇండియన్ మొహమేలే. తెలుగు పిల్లాడు కామోసు, వస్తావా అంటున్నాడు పాపం అని వెంట వచ్చేశాను."

అతను శ్రీలంక అబ్బాయని షెరిల్ చెప్పింది. వస్తో కథ కూడా అప్పటికే చెప్పేసినట్టుంది. శ్యామసుందరి గారు జ్యూసు డబ్బా పక్కనపెట్టి అక్కకేసి చూశారు.

"అమ్మ వస్తుంది అని చెప్పేదానివా, వీళ్ళ పిల్లలకి?"

"ఇంకేం చెప్పను? నోటికొచ్చింది అదే."

"మనింట్లో అది ఓదార్పుటే అక్కా? బెదిరింపు కదూ!"

ఆంటీ ఒక్క క్షణం ఆలోచించారు. తర్వాత మొహం అంతా నవ్వైపోయింది. అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరి మాట ఒకరు లాక్కుంటూ చెప్పుకొచ్చారు. వాళ్ళమ్మగారు విసనకర్ర తిరగేసి పట్టుకుని వచ్చేవారట. పచ్చి ఆవకాయ జాడీలో చెయ్యి పెట్టినప్పుడు, పక్కవాళ్ళ మేడ మీద వడియాలు తినేసినప్పుడు, ఎగ్జిబిషన్‌లో రంగులరాట్నం ఎక్కి గౌను చింపుకున్నప్పుడు, ప్రసూన కాపలా ఉండి "అమ్మొస్తోంది!" అని కేకేస్తే, శ్యామ మంచం కింద దూరేదట. పొడుగు కాళ్ళు బయటికి కనపడి దెబ్బలన్నీ తనకే పడేవట. అరటిక్కెట్టు మనిషి బియ్యం డబ్బా వెనక సరిపోయేది. అక్షర ఇదంతా నోరు తెరుచుకుని వింది. షెరిల్‌కి ఒక్క ముక్క అర్థం కాకపోయినా టిష్యూల డబ్బా ఇద్దరి మధ్యా పెట్టింది. అది ఆ గదిలో అలవాటైన పని.

నవ్వులు తగ్గాక శ్యామసుందరి గారు కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. "మా ఊళ్ళో తెలుగువాళ్ళకి కరువులేదే," అన్నారు. "వారానికి మూడు పేరంటాలు. అయితే ఏం, విసనకర్ర అంటే నవ్వే మనిషి ఒక్కరు లేరు."

అన్ని రోజుల్లో మొదటిసారి నాకు అర్థమయింది, ఈవిడ అక్కని చూసుకోవడానికి తీసుకెళతాననడం లేదని. ఆంటీకి ఎప్పుడో అర్థమయినట్టుంది. అందుకే కాదనడం అంత కష్టమయింది కాబోలు. చెల్లెలి చెయ్యి పట్టుకుని ఆ చిన్న కుర్చీలోంచి పైకి లాగారు. కుర్చీ కూడా కొంచెం దూరం వెంట వచ్చింది. నేనూ అక్షరా చెరోవైపు పట్టుకుని వదిలించాం.

ఐదు కావస్తుంటే అందరితోపాటు గేటువైపు నడిచాం. దారిలో చెత్త ఊడ్చేవాళ్ళు, బెలూన్లు దించేవాళ్ళు, "సీ యా, ప్రాస్" అంటున్నారు. శ్యామసుందరి గారు ఒక్కొక్కరినీ చూస్తూ నడిచారు. నీకెవరున్నారే అని మళ్ళీ అడగలేదు. కాని అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కారు. కారు దగ్గరికి వచ్చి, సీటుబెల్టు పెట్టుకోబోతూ ఆగి, అద్దంలోంచి వెనక సీటులో ఉన్న అక్కకేసి చూశారు.

"ఇరవై గంటలు ఎగిరి వచ్చి అడిగానే. ఒక్క అడుగైనా కదలవు. ఎప్పుడూ నేనే రావాలా అక్కా?"

ఆంటీ నింపాదిగా బెల్టు పెట్టుకుని అన్నారు: "తప్పిపోయింది నువ్వు కదుటే శ్యామూ, నేను కదిలితే ఎలా?"